నలగని నాలుగో నిమ్మకాయ

మంగళవారం... మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

మనిషి నీడ మనిషి పాదాల కిందకే చేరి దాక్కునే ఘోరమైన వేళ. క్షుద్రశక్తులు అర్ధరాత్రి మాత్రమే సంచరిస్తాయని నమ్మేవాళ్ళు ఆ వేళకు ఒక్కసారి ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ప్రయాణం చేసి చూడాలి. రోడ్డుకు రెండు వైపులా పత్తి పీకేసిన నల్లరేగడి చేలు... పిట్ట అలికిడి లేదు. మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఒక్క ఉరుము ఉరిమి ఊరుకుంది.

ఆ నిర్మానుష్యమైన రోడ్డు మీద తన కొత్త ఏడు సీట్ల వ్యాను నడుపుతూ మహేశ్వర్ పళ్ళు నూరుతున్నాడు. భయంతో కాదు, వొళ్ళు మండి.

స్పీడు ముల్లు అరవై దాటింది... అరవై ఐదు... డెబ్బై... అదిగో, మొదలైంది! ముందు బొటనవేళ్ళలో సన్నటి జలదరింపు. తర్వాత అరచేతులు, మణికట్లు, మోచేతులు... స్టీరింగు చక్రం బతికున్న జంతువులా గిలగిల కొట్టుకోసాగింది. అరవైకి తగ్గిస్తే శాంతం. ఎనభై ఐదు దాటినా శాంతం. డెబ్బై దగ్గరికొచ్చిందా, మళ్ళీ అదే ప్రకంపనం.

పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ నడిపి, చివరికి సొంతంగా కొనుక్కున్న బండి అది. ఆదోని స్టేషన్లో దిగిన భక్తులను మంత్రాలయం చేర్చడం అతని పని. మొన్న సేతుమాధవరావు అనే పెద్దాయన ముందు సీట్లో కూర్చుని, "ఏమప్పా, నీ బండికి చలిజ్వరమా?" అని అడిగాడు. వెనకాల అందరూ నవ్వారు. మహేశ్వర్‌కు తల కొట్టేసినట్టయింది.

నలభై రోజుల్లో షోరూముకు ఏడుసార్లు తిరిగాడు. చక్రాలకు బ్యాలెన్సింగు చేశారు. అలైన్‌మెంటు చేశారు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చారు. ఒక టైరు కొత్తదే వేశారు. సర్వీసు చూసే అచ్యుత్ అనే కుర్రాడు ప్రతిసారీ పక్కన కూర్చుని వచ్చేవాడు. వాడు కూర్చున్నంతసేపూ ఆ దరిద్రపు చక్రం బుద్ధిమంతుడిలా ఉండేది. వాడు దిగి గేటు దాటగానే మళ్ళీ శివాలెత్తేది.

"కొత్త బండి కదన్నా, ఐదు వేల కిలోమీటర్లకు అదే సెట్ అవుతాది. మన రోడ్లు కూడా అట్లనే ఉండాయి కదా" అనేవాడు అచ్యుత్, ఏడోసారి కూడా అదే చిరునవ్వుతో.

ఆ మంగళవారం మహేశ్వర్ కసిగా ముల్లును డెబ్బై దగ్గరే పట్టి ఉంచాడు. ఎంతసేపు ఊగుతావో ఊగు, చూస్తా అన్నాడు చక్రంతో. అప్పుడే ఫోను మోగింది. ఎమ్మిగనూరులో ఇంటి నుంచి అతని తల్లి నాగమ్మ. బండి పక్కకు ఆపి ఎత్తాడు.

"మహేశా, దీప చేతులు ఉన్నట్టుండి అదురుతాండాయిరా. కత్తెర పట్టుకోలేకుండా జారిపోతాంది... ఉండు, ఉండు. ఇప్పుడే నిలిచిపోయినాయి."

దీప అతని భార్య. జాకెట్లు కుడుతుంది. వీధి వీధంతా ఆమె చేతి కుట్టు కోసమే వస్తారు.

మహేశ్వర్‌కు ఏదో అనుమానం వచ్చింది. ఫోను స్పీకరులో పెట్టి బండి కదిలించాడు. అరవై... డెబ్బై... అవతల గిన్నె కిందపడిన చప్పుడు, నాగమ్మ కేక! బ్రేకు తొక్కాడు.

"నిలిచిపోయినాయిరా" అంది నాగమ్మ.

మళ్ళీ పరీక్షించే ధైర్యం అతనికి లేకపోయింది. అరవై దాటకుండా ఇల్లు చేరి, బండిని వాకిట్లో నిలిపి, తాళం చెవి దేవుడి గూట్లో పెట్టేశాడు. ఇక బండే తీయకపోతే సరి కదా అనుకున్నాడు, పిచ్చివాడు.

మర్నాడు సరిగ్గా పన్నెండింటికి... ఇంజిను ఆపిన బండిలో, తాళం చెవి లేని బండిలో... స్టీరింగు తనంతట తానే వణకడం మొదలుపెట్టింది! లోపల దీప చేతులు కుట్టుమిషను మీద టపటపా కొట్టుకున్నాయి. తల వెనక్కి వాలిపోయింది. కళ్ళు తెల్లబడ్డాయి. ఆమె గొంతులోంచి ఒక మగ గొంతు, రాయి మీద ఇనుము గీసినట్టుగా పలికింది.

"అమావాస్య... పగలు పన్నెండు... ఈ చేతులు నావి. చేతులతో పాటు మనిషీ నాదే..."

అమావాస్యకు తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ మధ్యాహ్నం పన్నెండింటికి అదే తంతు. ఒక రోజు ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోలేదు. ఒక రోజు నాగమ్మే అన్నం కలిపి తినిపించింది. దీప ఏడవలేదు. సూదిలో దారం ఎక్కించబోయి, పదిసార్లు తప్పి, సూదిని గోడకేసి విసిరికొట్టింది. ఆమె అలా విసరడం మహేశ్వర్ ఎన్నడూ చూడలేదు.

అమావాస్య తెల్లవారుజామునే ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, నాగమ్మను పక్కన కూర్చోబెట్టి, నత్తనడకన ఆదోనికి తెచ్చాడు. డాక్టరు నరాలకు, రక్తానికి, తలకు, అన్నిటికీ పరీక్షలు చేయించి కాగితాలు చేతిలో పెట్టాడు.

"అన్నీ నార్మలేనప్పా. టెన్షన్ తగ్గించుకోమనండి."

బండిదీ అదే మాట, మనిషిదీ అదే మాట. ఎక్కడా ఏ లోపమూ లేదట! మహేశ్వర్ ఆ కాగితాలను నలిపి పారేయబోయి, ఇంకా ఎవరికి చూపించాలో తెలియక జేబులో కుక్కుకున్నాడు. ఆఖరి ఆశగా బైపాసు దగ్గర సామ్సన్ షాపు ముందు బండి ఆపాడు. సామ్సన్ ముప్పై ఏళ్ళుగా చక్రాలకు బ్యాలెన్సింగు చేస్తున్న మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ చక్రాలకు అంకితం.

ముందు కుడి చక్రాన్ని ఊడదీసి యంత్రానికి బిగించి తిప్పాడు సామ్సన్. చక్రం గిర్రున తిరిగి ఆగింది. ఎర్రటి అంకెలు వెలిగాయి. సున్నా... సున్నా.

"చక్రంలో ఏమీ లేదు తమ్ముడూ."

"ఆ మాట విని విని నా చెవులు పుండ్లయినాయి సామ్సనన్నా. ఏమీ లేకుంటే యాల అదురుతాంది మరి? ఆడ సూడు నా పెండ్లాం ఎట్లుందో."

సామ్సన్ వెనక సీట్లోకి తొంగిచూశాడు. దీప వేళ్ళు అప్పటికే సన్నగా కదులుతున్నాయి. గోడ గడియారంలో పదకొండున్నర. ఆయన చేతులు తుడుచుకుంటూ, ఎవరూ వినకుండా అన్నట్టు మెల్లగా అడిగాడు.

"నేను దేవుని బిడ్డను, నాకివన్నీ పట్టింపు లేదు. అయినా అడుగుతాండా. బండి తెచ్చుకున్న దినం, టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు నాలుగూ నలిగినాయా?"

మహేశ్వర్‌కు ఆ రోజు కళ్ళకు కట్టింది.

షోరూము బయట నిమ్మకాయలు, మిరపకాయలు, బూడిద గుమ్మడికాయలు పెట్టుకుని కూర్చునే అయ్యన్న అనే ముసలివాడు ఉన్నాడు. ఏ కొత్త బండి వచ్చినా దిష్టి తీసేది వాడే. ఆ రోజు, 'ఇంటి ఇల్లాలి చేత్తోనే పెట్టించాలప్పా' అని దీప చేత నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించాడు. బండి ముందుకు కదిలింది. టప్, టప్, టప్... మూడే చప్పుళ్ళు. ముందు కుడి చక్రం కింది కాయ నలగకుండా జారి పక్కకు దొర్లింది. మహేశ్వర్ అద్దంలో చూశాడు. వెనక ఇంకో రెండు బండ్లు డెలివరీకి నిలబడి ఉన్నాయి. అట్టతో చేసిన పెద్ద తాళం చెవి పట్టుకుని అచ్యుత్, 'ఫోటో అన్నా, ఫోటో, త్వరగా' అంటున్నాడు. వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించడానికి సిగ్గేసింది. అయ్యన్న వంగి, ఆ కాయను తీసి, బొడ్డులో దోపుకుని, మహేశ్వర్ వైపు చూసి నవ్వాడు. ఫోటోలో మహేశ్వర్ కూడా నవ్వాడు.

"మూడే నలిగినాయన్నా. నాలుగోది అయ్యన్న ఎత్తుకున్నాడు" అన్నాడు.

"అయితే నీ వైబ్రేషను నా కాడ లేదు, ఆ కాయ కాడ ఉంది. అయ్యన్న ఉండేది మూతబడిన పత్తి మిల్లులో, ఎమ్మిగనూరు రోడ్డుకే. పో." చక్రం బిగిస్తూ సామ్సన్ ఇంకొక మాట అన్నాడు. "ఊపుగా ఎక్కిస్తే కాయ ఎప్పుడూ జారుతాది తమ్ముడూ. ఫస్టు గేరులో, క్లచ్చి మీద, నిదానంగా ఎక్కించాల."

పన్నెండుకు పది నిమిషాలు...

పాడుబడిన మిల్లు ముందు బండి ఆగింది. పగిలిన పైకప్పు దూలం మీద ఒక గుడ్లగూబ పట్టపగలు కళ్ళు విప్పార్చి కూర్చుని ఉంది. లోపల ఏనాటిదో పత్తి దూది ఇంకా గాలిలో తేలుతోంది. నడుమ రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు మధ్యలో కుంకుమ పులిమిన కపాలం... దాని చుట్టూ మేకులు గుచ్చిన ఎండు నిమ్మకాయలు ఇరవై, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి! ఇరవై ఒకటో కాయ మాత్రం నలభై తొమ్మిది రోజులైనా పచ్చగా నిగనిగలాడుతూ కపాలం పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది.

"నీ బండే నిన్ను తోలుకొచ్చిందా?" అన్నాడు అయ్యన్న, కళ్ళు తెరవకుండానే. "ఇరవై మంది ఆడోళ్ళ చేతుల బలం నా కపాలం తాగింది. ఇంకొక్క జత చేతులు తాగితే అది లేచి నాకు పని చేస్తాది. సిగ్గుపడి నువ్వు వదిలేసిన కాయే అప్పా ఇది. నేను దొంగిలించలేదు."

ఆ మాట మహేశ్వర్‌కు కత్తిపోటు కన్నా ఎక్కువ తగిలింది. నిజమే కదా! నలభై తొమ్మిది రోజులుగా షోరూమును, రోడ్డును, టైర్లను తిట్టుకుంటూ తిరిగాడే తప్ప, ఆ కాయ సంగతి ఒక్కసారి కూడా తల్చుకోలేదు. ఉరికి కాయ మీద చెయ్యి వేశాడు. అయ్యన్న చిటికె వేసిన మరుక్షణం ఏదో అదృశ్యశక్తి అతన్ని ఎత్తి గోడకేసి కొట్టింది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఆకాశం మబ్బు లేకుండానే ఫెళఫెళా ఉరిమింది. బయట వ్యానులోంచి నాగమ్మ ఆర్తనాదం... "దీపా! యాడికే?"

దీప గడపలో నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని... చేతులే కాదు, నిలువెల్లా ఊగిపోతూ...

అయ్యన్న పగలబడి నవ్వాడు. "రా, వచ్చి చేతులియ్యి."

"నా కాయ యాడరా?"

ఆ గొంతు దీపది కాదు. ఇన్నాళ్ళూ ఆమె నోట పలికిన అయ్యన్నదీ కాదు. అయ్యన్న నవ్వు సగంలో ఆగిపోయింది.

"బండి బయలెల్లేటప్పుడు నిమ్మకాయ పెట్టేది ఎవరికిరా? దారి కాచేదాన్ని నేను. పొలిమేర నాది. ఇరవై ఒక్కసారి నా నోటికాడి బలి ఎత్తుకొచ్చి ఈ పుర్రెకు పెడతావా?"

తొమ్మిది రోజులుగా అయ్యన్న పెంచిన వణుకే ఇప్పుడు ప్రళయతాండవమై వాడి ముందు నిలబడింది. వాడు మంత్రం అందుకున్నాడు. నాలుక మడత పడింది. దీప నడిచి వెళ్ళి, కపాలం నోట్లోంచి కాయను పీకి, బయటికొచ్చి ముందు కుడి చక్రం కింద పెట్టింది. మహేశ్వర్ వైపు చూసింది.

"ఎక్కించు."

కుంటుకుంటూ వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుంటే భుజాలు ఊడిపోయేలా ఊగుతోంది. ఆత్రంగా క్లచ్చి వదిలాడు. బండి ఎగిరి ముందుకు దూకింది. కాయ జారి పక్కకు దొర్లింది!

ఛీ! తన మీద తనకే అసహ్యం వేసింది. బండి గడియారంలో పన్నెండుకు నిమిషం తక్కువ. దీప మళ్ళీ వంగి కాయ పెట్టింది. ఈసారి ఆమె వేళ్ళు ముడుచుకుపోతున్నాయి, పెదవులు నల్లబడుతున్నాయి. మహేశ్వర్‌కు సామ్సన్ మాట గుర్తొచ్చింది. బండి వెనక్కి తీసి, ఫస్టు గేరులో, క్లచ్చి మీద, పసిబిడ్డ పక్కన అడుగేసినంత నిదానంగా... చక్రం కాయను తాకింది... ఎక్కింది...

టప్.

నల్లటి నెత్తురు చిమ్మింది. అదే క్షణాన మిల్లు లోపల ఇరవై కాయలు ఒకదాని వెనక ఒకటి పేలాయి! ఇరవై ఒక్క జతల చేతుల వణుకూ ఒక్కసారిగా అయ్యన్న చేతుల్లోకి దిగింది. వాడి వేళ్ళు అదిరాయి, భుజాలు అదిరాయి, దవడ అదిరి పళ్ళు రాలాయి. వాడి ఎముకలు ఒకదాన్నొకటి కొట్టుకునే చప్పుడు నాగమ్మకు వ్యానులోకి వినిపించింది. కపాలం నిలువునా రెండుగా చీలింది. గుడ్లగూబ లేచిపోయింది. తేలుతున్న దూది నేలకు దిగాక చూస్తే, ముగ్గు మధ్యలో పిడికెడు బూడిద తప్ప ఇంకేమీ లేదు.

దీప చక్రానికి ఆనుకుని కూలబడింది. "దాహమేస్తాంది" అంది, తన గొంతుతోనే.

నాలుగు రోజుల తర్వాత మహేశ్వర్ డెబ్బైలో పోయాడు. డెబ్బైలోనే పోయాడు, ఎమ్మిగనూరు దాకా. స్టీరింగు మీద ఒక్క వేలు పెట్టి. చక్రం ఉలకలేదు, పలకలేదు. ఇంటి ముందు ఆపగానే ఫోను మోగింది. అచ్యుత్.

"అన్నా, ఇప్పుడెట్లుండాది బండి?"

"బాగుంది."

"సూసినావా, నేను సెప్పలేదా, ఐదు వేలకు అదే సెట్ అవుతాదని. మాకు మంచి రేటింగు ఇయ్యన్నా."

మహేశ్వర్ మీటరు వంక చూశాడు. ఐదు వేల నాలుగు. నలభై రోజుల తిట్లన్నీ ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చాయి.

ఎదురుగా గడపలో దీప కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో అతని చొక్కా, గుండీ ఊడినది. ఆమె సూదిని వెలుగుకు ఎత్తి పట్టుకుంది. దారం కొసను పెదవులతో తడిపింది. మహేశ్వర్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

దారం ఒక్కసారికే ఎక్కింది.

"ఇస్తాలేప్పా" అన్నాడు అచ్యుత్‌తో.