తొంభై సున్నం డబ్బాలు

"ఇప్పుడు అడగండి గవర్రాజు గారూ," అంది డాక్టర్ శర్వాణి. "రోజూ ఎలా అడుగుతారో అలాగే. మొహమాటపడకండి."

గవర్రాజు మొహమాటపడటం ఆ రేవు పుట్టాక ఎవరూ చూడలేదు. ఆయన మీసం దువ్వి గొంతు సవరించాడంటే గోడౌన్ రేకులు గలగలలాడేవి. లంగరేసిన ఓడలు బారెడు వెనక్కి జరిగేవని కళాసీలు ఒట్టేసి చెప్పేవారు. సముద్రం నాలుగు వీధుల్ని మింగేశాక కాకినాడలో మిగిలిన ఊరికి కొత్త రేవు కట్టారు. ఆ రేవులో సింధుగర్భ మైనింగ్ కంపెనీకి ఆయన స్టోర్స్ సూపరింటెండెంట్. ముప్పై రెండేళ్ల సర్వీసు. ఆ ముప్పై రెండేళ్లలో ఆయన ఆపిన తుఫాన్లు పదిహేడు, ఒంటిచేత్తో ఎత్తిన క్రేన్లు రెండు, చూపుతో పారిపోయేలా చేసిన సొరచేప ఒకటి. ఇవన్నీ ఆయన నోటి లెక్కలే. ఆ నోటికి ఎదురు చెప్పినవాడు మాత్రం లేడు.

"రబ్బరు చేతి తొడుగులు," అన్నాడు గవర్రాజు. "వంద జతలు. ఇవాళ దిగకపోతే రేపటికి కింద ఒక్క మనిషికి చేతులుండవు. ఆయ్, రాసుకోమనండి మీ యంత్రాన్ని."

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఒకటి పాకింది. మంజూరు: 40.

గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక ఫైళ్లలో మొహాలు దూర్చేశారు. ఆ నెలకి కావలసినవి సరిగ్గా నలభై జతలే మరి.

శర్వాణి తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు త్రాసు. చూడ్డానికి ఏమీ ఉండదు, ఓ స్క్రీన్, గోడౌన్ అరల కింద బరువు చూసే సెన్సార్లు, అంతే. కానీ కంపెనీలో సూది కొనాలన్నా, సబ్‌మెరీన్ కొనాలన్నా దాని కన్ను దాటి కుదరదు. ఎవరు ఎంత అడిగారు, ఎంత కొన్నారు, ఏ సప్లయర్ ఎన్నాళ్లకి పంపాడు, చివరికి ఎంత వాడారు, అన్నీ చదువుతుంది. అడిగినదానికీ వాడినదానికీ మధ్య తేడా చూసి, ప్రతి మనిషికీ ఒక అంకె కడుతుంది. దాన్ని నమ్మిక సంఖ్య అంటారు. అడిగినంతా వాడేవాడికి ఒకటి. గవర్రాజుకి సున్నా పాయింట్ నాలుగు. అంటే ఆయన పది అన్నాడంటే త్రాసుకి నాలుగని వినపడుతుంది.

"నా మాటకి నలభై మార్కులా!" అని గర్జించాడు గవర్రాజు.

"ఇది మార్కు కాదండీ, అలవాటు," అంది శర్వాణి. "మీరెప్పుడూ రెండున్నర రెట్లు అడుగుతారు. ఎందుకని?"

"ఎందుకా! పర్చేజ్ సెక్షన్ వాళ్లు ఎప్పుడూ సగానికి పైగా కొట్టేస్తారు కాబట్టి. నిజం రాస్తే స్టోర్సు ఖాళీ. పెంచడం నా డ్యూటీ, తెగ్గొట్టడం వాళ్ల డ్యూటీ. ఇద్దరికీ తెలుసు. టీ తాగి సంతకాలు పెట్టుకుంటాం. మధ్యలో మీరెవరండీ?"

"ఇప్పుడు కొట్టేసేవాళ్లు లేరుగా. మూడు నెలలు ఉన్నదున్నట్టు రాయండి చాలు. మీ అంకె ఒకటికి వచ్చేస్తుంది."

గవర్రాజు ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. మొదటి వారం నలభై జతల తొడుగులకి నలభై అనే రాశాడు. పదహారు వచ్చాయి. కింద పనిచేసేవాళ్ల వేళ్లు చెక్కుకుపోయి, పుళ్లు పడ్డాయి. ఆ పుళ్లు చూసొచ్చిన మర్నాడు ఆయన మళ్లీ వంద రాశాడు. సరిగ్గా నలభై వచ్చాయి. ఆ తర్వాత నిజం జోలికి పోలేదు.

ఈ 'కింద' అనేది ఎక్కడో చెప్పాలి. రేవు నుంచి లోపలికి పోతే, రెండు వేల మీటర్ల లోతున సముద్రం అడుగు మీద శంఖం అనే స్టేషన్ ఉంది. ఖనిజాలు ఏరే యంత్రాలను నడపడానికి అక్కడ తొమ్మిది మంది ఉంటారు. సరుకు దించడానికి తాడు మీద నడిచే లిఫ్టు ఒకటి ఉంది. మనుషులు పైకి రావాలంటే మాత్రం ముందు మూడు రోజులు ఒత్తిడి గదిలో కూర్చోవాలి. లేకపోతే రక్తం బుడగలెత్తి చచ్చిపోతారు. ఇక వాళ్ల ఊపిరి సంగతి. మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవడానికి సున్నపు పలుకులు నింపిన డబ్బాలుంటాయి. మనిషికి రోజుకి ఒక డబ్బా. డబ్బా అయిపోతే వదిలిన గాలే మళ్లీ పీల్చాలి. తలనొప్పి మొదలై, నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్రకి లేవడం ఉండదు.

శంఖానికి ఇన్‌చార్జి నూకరత్నం. గవర్రాజు చెల్లెలి కూతురు. ఆ ఉద్యోగం వేయించింది ఆయనే. "మా కోడలు సముద్రాన్ని చెవిపట్టుకుని నడిపిస్తుంది," అని రేవంతా చాటింది కూడా ఆయనే.

గవర్రాజుకి ఇంకో అలవాటుంది. గోడౌన్ వెనక గోడకి తాపడం వేసి, దాని వెనక అరవై సున్నం డబ్బాలు దాచాడు. ఏ పుస్తకంలోనూ లేని సరుకు. పాతకాలపు స్టోర్సు మనిషి ఎవడైనా ఇలా కొంత దాస్తాడు, ఏదో ఒకనాడు ప్రాణం మీదికొస్తుందని. నేల సెన్సార్లు పెట్టిన నాలుగో రోజున త్రాసు ఆ గోడ బరువు తేడా పట్టేసింది. డబ్బాలు వేరే రేవుకి వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అందరూ ఆయన్నే చూస్తున్నారు. "గురువుగారి గోడ కూలిందట," అన్నాడు క్రేన్ ఆపరేటర్ డేవిడ్. అందరూ నవ్వారు. శర్వాణి పక్క బల్ల దగ్గర ఇడ్లీ తింటోంది. గవర్రాజు టీ గ్లాసు బల్ల మీద కొట్టాడు.

"ఒరేయ్ డేవిడూ, ఆ అరవైయ్యా? అది ఎర! అసలు సరుకు కింద శంఖంలో ఉంది. రెండొందల డబ్బాలు! త్రాసు కాదు, త్రాసు తాత దిగొచ్చినా దొరకవు. పెట్టింది ఎవరనుకున్నావ్? గవర్రాజు!"

క్యాంటీన్ ఈలలతో మోగిపోయింది. పోయిన పరువు వడ్డీతో తిరిగొచ్చింది. శంఖంలో దాచినవి రెండొందలు కాదు కదా, రెండు కూడా లేవని ఆ క్యాంటీన్‌లో ఆయన ఒక్కడికే తెలుసు. శర్వాణి మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఏదో రాసుకుంది.

రెండు నెలలు గడిచాయి. శర్వాణి హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లిపోయింది. కార్తీకం మధ్యలో వాయుగుండం ఒకటి పుట్టింది. అది తుఫానై, మధ్యాహ్నం నాలుగింటికల్లా లిఫ్టు ఆపేయాలని హెచ్చరిక వచ్చింది. తాడు విప్పి, సముద్రం కుదురుకున్నాక మళ్లీ కట్టాలంటే పన్నెండు రోజులు పడుతుంది. అప్పుడు టైము పదకొండున్నర.

"మావయ్యా," అంది నూకరత్నం వాయిస్ లైన్‌లో. "తుఫానుని చెంపదెబ్బ కొట్టి పంపించేస్తావుగా, దీన్ని కూడా కాస్త పంపించెయ్యి."

"ఆ పని మీదే ఉన్నానే. నువ్వు సరుకు చెప్పు."

"డబ్బాలు రెండు రోజులకే ఉన్నాయి. మిగతా పది రోజులకి తొమ్మిది మందికి తొంభై కావాలి. నీ లెక్కలో తొంభై కాదు మావయ్యా. నా లెక్కలో తొంభై. ఒకటి తగ్గినా కుదరదు."

గవర్రాజు కీబోర్డు ముందు కూర్చున్నాడు. తొంభై రావాలంటే రెండొందల ఇరవై ఐదు రాయాలి. వేళ్లు వాటంతటవే రెండు కొట్టాయి, మళ్లీ రెండు, తర్వాత ఐదు కొట్టాయి. ఫారం ఎర్రబడింది. లిఫ్టు ఒక ట్రిప్పుకి నూట ఇరవై డబ్బాలే మోస్తుంది, అంతకు మించి అంకె తీసుకోదు. నూట ఇరవై రాస్తే నలభై ఎనిమిది వస్తాయి. ఐదు రోజుల ఊపిరి. మనుషులకి కావలసింది పది రోజులు. ఆయన చెమట తుడుచుకుని, రెండు నెలల తర్వాత మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాడు. 90. కారణం గళ్లో కూడా రాశాడు. తొమ్మిది మంది ప్రాణాలు, ఇది నిజం.

మంజూరు: 0.

ఆయన కళ్లు నులుముకున్నాడు. కింద చిన్న అక్షరాల్లో వివరం ఉంది. కోరినవి తొంభై, నమ్మదగినవి ముప్పై ఆరు. స్టేషన్‌లో లెక్కకి రాని నిల్వ ఉన్నట్టు సమాచారం, రెండు వందలు. నమ్మదగినవి ఎనభై. కనుక అవసరం లేదు. చివరి ట్రిప్పు పంపు విడిభాగాలకి కేటాయించడమైనది.

పన్నెండు నిమిషాలకి శర్వాణి వీడియోలో దొరికింది.

"డాక్టరమ్మా, ఆ రెండొందలు లేవు. బడాయి కొట్టాను. క్యాంటీన్‌లో నలుగురూ నవ్వుతుంటే కొట్టాను. మీ చేత్తో ఆ సున్నా కొట్టేయండి."

శర్వాణి అలిసిన మొహంతో నవ్వింది. "గవర్రాజు గారూ, పోయిన నెల సబ్బుల కోసం కూడా తొమ్మిది ప్రాణాలన్నారు. అంతకుముందు టీ పొడికి. మీకోసం రెండుసార్లు చేత్తో కొంత పెంచాను, రెండుసార్లూ మిగిలిపోయాయి."

"ఇది టీ పొడి కాదమ్మా!"

"ఇది చివరి ట్రిప్పు. మీ డబ్బాలు ఎక్కించాలంటే పంపు భాగాలు దించాలి. పంపు ఆగితే స్టేషన్‌లోకి నీళ్లొస్తాయి, అప్పుడు నిజంగానే పోతారు. లేవని ఎవరు చెప్పారు? నూకరత్నమేనా? ఆవిడ మీ మేనకోడలే కదండీ. దాచినవి దాచినట్టే ఉంచుకుని కొత్తవి తెప్పించుకోవడం మీ ఇంటి విద్యేగా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "ఆ రోజు మీరు చెప్పింది అబద్ధమో, ఇవాళ చెప్పేది అబద్ధమో నాకెలా తెలుస్తుంది? మీరే చెప్పండి."

ఒట్టు వేద్దామంటే, గవర్రాజు ఒట్టు వేయని సంగతంటూ ఏదీ మిగల్లేదు. "దండం పెడతానమ్మా," అన్నాడు చివరికి. ఆ మాట కూడా ఆమెకి నాటకంలాగే కనపడింది. లైన్ తెగిపోయింది.

పైవాళ్లెవరూ కదలకపోవడంతో, మూడున్నరకి ఆయన గునపం పట్టుకుని, త్రాసు మంజూరు లేనిదే తెరుచుకోని గోడౌన్ తాళం పగలగొట్టాడు. తర్వాతెప్పుడూ ఈ సంగతి గొప్పగా చెప్పుకోలేదు గానీ, ఆ యాభై ఎనిమిదేళ్ల మనిషి డేవిడ్‌ని తోడు తీసుకుని, నలభై డబ్బాలు వర్షంలో మోసి లిఫ్టు మీదకి చేర్చాడు. లిఫ్టు కదల్లేదు. జాబితాలో లేని బరువుని అది మోయదు. సెక్యూరిటీ వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒక్కో నిమిషం పోతుంటే, డబ్బాలు రేవు మీదకి తోసేసి, నాలుగింటికి రెండు నిమిషాల ముందు లిఫ్టుని వదిలారు. పంపు భాగాలతో అది నీళ్లలోకి దిగిపోయింది.

తుఫాను మూడు రోజులు ఊరిని కొరికింది. వాయిస్ లైన్ మాత్రం తెగలేదు. నాలుగో రోజున శంఖం గాలి సెన్సార్లు ఎర్రబడ్డాయి. అప్పుడు త్రాసుకి అర్థమైంది, శర్వాణికీ అర్థమైంది. ఆమె ఆ సాయంత్రమే కాకినాడ వచ్చేసింది. సముద్రం మీద పడవ నిలవడం లేదు. దించడానికి తాడూ లేదు.

కింద వాళ్లు ఇద్దరికి ఒక డబ్బా చొప్పున పంచుకున్నారు. పని మానేసి, మాట తగ్గించి, పడుకునే ఉన్నారు.

ఆరో రోజున నూకరత్నం అడిగింది. "మావయ్యా, ఆ సొరచేప కథ చెప్పు. వీళ్లు వింటారంట."

గవర్రాజు చెప్పాడు. మైకు పట్టుకుని, ఓడంత సొరచేపని ఒక్క చూపుతో ఎలా పరిగెత్తించాడో గంటసేపు చెప్పాడు. మధ్యమధ్య కింది నుంచి ఎవరో నవ్వినట్టు చిన్న చప్పుడు వచ్చేది. శర్వాణి గోడకి ఆనుకుని నిలబడి వింది. కథ అయ్యాక "ఊఁ" అనడానికి ఎవరూ లేరు. ఏడో రోజున పిలిచాడు. ఎనిమిదో రోజున పిలిచాడు. పన్నెండో రోజు దాకా పిలుస్తూనే ఉన్నాడు.

పన్నెండో రోజు పొద్దున తాడు కట్టారు. లిఫ్టు దిగేముందు స్టోర్సు నుంచి సరుకు కోరుతూ ఒక ఇండెంట్ వెళ్లాలి. శవపేటికలు. ముందే తెప్పించి ఉంచాలని పైనుంచి ఆర్డరు.

గవర్రాజు కూర్చున్నాడు. 9 అని కొట్టాడు. పంపే మీట మాత్రం నొక్కలేదు.

"నొక్కండి," అంది శర్వాణి మెల్లగా, వెనక నుంచి.

"తెగ్గొడుతుంది కదమ్మా?" అన్నాడు ఆయన, తల తిప్పకుండా. "నా మాట ఎప్పుడూ తెగ్గొడుతుంది. తొమ్మిదంటే నాలుగంటుంది. నాలుగే అందనుకోండి, ఐదుగురున్నట్టేగా. మా రత్నం గట్టిది. ఆ ఐదుగురిలో ఉంటుంది."

గాలి సెన్సార్లు చూశాక, వాడకం చూశాక, ఆ తొంభై అక్షరాలా నిజమేనని త్రాసు ఎప్పుడో తేల్చేసుకుంది. గవర్రాజు అంకెని ఒకటికి మార్చేసుకుంది. ఆయన ఇంకా అది చూసుకోలేదు.

ఆయన నొక్కాడు. ఆకుపచ్చ గీత పాకి నిలబడింది.

మంజూరు: 9.

ముప్పై రెండేళ్ల సర్వీసులో, గవర్రాజు అడిగినన్నీ అడిగినట్టు వచ్చిన మొదటి ఇండెంట్ అదే.