కొమ్ము వదిలి గిట్ట చూసిన కొండి

వెదురుకోటలో పట్టపు ఎద్దుకు పిచ్చెత్తిందన్నారు. రాజుగారి రథం లాగే ఎద్దు అది. మెడకు జరీ పట్టెడ, కొమ్ములకు వెండి తొడుగులు, మేతకు నానబెట్టిన ఉలవలు. ఇంత వైభోగం అనుభవిస్తూ కూడా వారంలో ఏడుగురిని కుమ్మింది. రోజుకొకరు చొప్పున, ఒక్కపూట సెలవు తీసుకోకుండా!

పశువుల వైద్యుడు పెంచలయ్యను పిలిపించారు. ఆయన ఎద్దుకు నాలుగడుగుల దూరంలో చతికిలబడి, కాసేపు కన్నార్పకుండా చూసి, ఒక్క కేక పెట్టాడు.

"పలుపు విప్పండయ్యా!"

పలుపంటే పశువు మెడకు కట్టే తాడు. పాలు తాగే పిల్లవాడికి కూడా తెలిసిన మాట. కానీ మేడ మీద నిలబడ్డ మంత్రి సుశ్రవుడు ఆ కేకను అందుకుని, భటులవైపు చెయ్యి విసిరి ఆజ్ఞాపించాడు. "వైద్యుడు చెప్పాడు కదా, చూస్తారేం? పులిని విప్పండి!"

విప్పారు. మంత్రిగారి మాటకు 'ఎందుకు' అని అడిగితే ఉద్యోగం ఊడుతుంది, అడక్కపోతే పులి ఊడుతుంది. భటులు రెండోదే నయమనుకున్నారు.

తొమ్మిదేళ్ళుగా బోనులో ఉన్న పులి రాజవీధిలో పడి పరుగెత్తింది. నెత్తిన కుండతో నది వైపు వెళుతున్న ఒక ముని దానికి అడ్డొచ్చాడు. ముని ఒకవైపు, కుండ ఒకవైపు పడ్డారు. కుండ పగిలింది. ముని గొల్లుమన్నాడు.

మహారాజు వీరరాయలు మేడ మీంచి తొంగి చూసి, "కుండేగా స్వామీ! దానికింత గోలెందుకు? బంగారు కుండ ఇప్పిస్తాంలెండి" అన్నాడు.

"రాయివి! ఉత్త రాయివి నువ్వు!" అని ముని అరిచి, వెనుదిరిగి అడవిలోకి వెళ్ళిపోయాడు.

అంతే. రాయలు రాయైపోయాడు. తొంగి చూసినవాడు తొంగి చూసినట్టే ఉండిపోయాడు.

"పులిని విప్పమన్నది ఈ వైద్యుడే! నా రెండు చెవులా విన్నాను!" అన్నాడు మంత్రి.

"నేను పలుపన్నాను మహాప్రభో!" అన్నాడు పెంచలయ్య.

"చూశారా, తనే ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు మంత్రి. "పున్నమినాడు వీడి తల తీయండి!"

ఆ రాజ్యంలో మంత్రి శిక్ష వేస్తే రద్దు చేసే హక్కు రాజు ఒక్కడికే ఉంది. రాజేమో రాయి. పున్నమికి పద్నాలుగు రోజులుంది.

పెంచలయ్యకు ఒక్కతే కూతురు, పేరు కొండమ్మ. పదహారేళ్ళ పిల్ల. నోటి పదును చూసి ఊరంతా కొండి అనేవాళ్ళు. తేలు కొండి కుట్టాక మండుతుంది. ఈ కొండికి ముందే మండుతుంది.

చెరసాల కిటికీ దగ్గర నిలబడి, "నాయనా, ఆ మునిని పట్టుకుని శాపం విప్పిస్తా. రాజుగారిచేత నిన్ను విడిపిస్తా" అంది.

"తల్లీ, ఎవరు మీదికొచ్చినా..."

"కొమ్ము చూడకు, గిట్ట చూడు. తెలుసు నాయనా! ఉగ్గుతోపాటు పోశావు."

అది వాళ్ళ ఇంటి వైద్యసూత్రం. పశువు కొమ్ము విసిరితే అందరూ కొమ్మునే చూస్తారు. ఎందుకు విసిరిందో తెలియాలంటే గిట్టలో దిగిన ముల్లును చూడాలి.

తండ్రికి పట్టిన గతికి తల్లడిల్లిన యువరాజు ఖడ్గతిలకుడు కూడా బయల్దేరాడు. పేరులో ఖడ్గం ఉంది కాబట్టి ఒరలో ఉండదు. మొదటిరోజు పొద్దెక్కేలోగా ఉడుత మీద ఒకసారి, ఎండుకొమ్మ మీద ఒకసారి, తన నీడ మీద ఒకసారి కత్తి దూశాడు.

"అబ్బబ్బబ్బా! దించండి బాబూ!" అంది కొండి. "మీరు దూసినప్పుడల్లా నేను వంగి వంగి నా నడుము దోసగింజలా అయిపోతోంది!"

మూడోరోజు వెదురు పొదల నడుమ దారికి అడ్డంగా పులి కనబడింది. అదే పులి. దారి మీద అటు నడుస్తోంది, ఇటు నడుస్తోంది. వీళ్ళను చూసి కొండలు అదిరేలా గర్జించింది కానీ నడక ఆపలేదు.

"దారి కాస్తోంది! తప్పుకో కొండీ, నేను..."

"మీరు నోరు కాస్త కాయండి." కొండి చెట్టుచాటున కూర్చుని లెక్క పెట్టింది. ఎనిమిది అడుగులు, మలుపు. మళ్ళీ ఎనిమిది అడుగులు, మలుపు. చుట్టూ అడవి ఉంది, అడ్డుగా ఆకు కూడా లేదు. అయినా తొమ్మిదో అడుగు వేయదు.

"బాబూ, దాని బోను పొడవెంత?"

యువరాజు కత్తి దించాడు. "ఎనిమిది అడుగులు. చిన్నప్పుడు నేనే మాంసం వేసేవాణ్ణి."

"అదీ సంగతి. కోట నుంచి వచ్చింది కానీ బోను నుంచి ఇంకా రాలేదు పాపం. బోను దాంతోపాటే నడిచొచ్చింది."

కొండి మూట విప్పి ఎండుమాంసం ముక్కను సరిగ్గా తొమ్మిదో అడుగు దగ్గర విసిరింది. పులి ఎనిమిదో అడుగు మీద ఆగింది. ముక్కు చాచింది. పంజా ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. చివరికి నిప్పుల మీద పెట్టినట్టు పెట్టింది. ఏ ఇనుపచువ్వా తగల్లేదు. మాంసం తిని, పదో అడుగు వేసింది, పదకొండోది వేసింది, ఆ తర్వాత లెక్క అందనంత వేగంగా పొదల్లోకి దూకి మాయమైంది.

యువరాజు కత్తి దానంతటదే ఒరలోకి వెళ్ళింది. కొండి ప్రాణం హాయిగా ఉంది, మర్నాటిదాకా.

మర్నాడు కనుమ దారిలో గుభేలిక ఎదురైంది. తాటిచెట్టంత రాక్షసి. పేరు వింటేనే గుండె గుభేలుమంటుంది. వీళ్ళను చూడగానే "తింటా! నంజుకుతింటా!" అని అరిచి, ఉన్నట్టుండి కాలు మెలిపడ్డట్టు కుంటుతూ ఎడమ లోయలోకి దిగింది. నాలుగు అంగలు వేస్తుంది, వెనక్కి చూస్తుంది, మూలుగుతుంది.

"గాయపడింది! ఇదే సమయం!" యువరాజు కత్తితో పరుగు లంకించుకున్నాడు.

కొండి అతని ఉత్తరీయం పట్టి లాగింది. "ఆగండి మహానుభావా! నిన్ననే కదా నేర్చుకున్నారు, రాత్రి అన్నంతోపాటు అరిగిపోయిందా? తినేది అయితే మన మీదికి రావాలి. పారిపోతూ 'రండి రండి' అని వెనక్కి చూస్తుందేం? తీతువు పిట్టను చూళ్ళేదా? గూడు దగ్గరికి మనిషి వస్తే రెక్క విరిగినట్టు దొర్లుతూ దూరంగా తీసుకుపోతుంది."

"అయితే గూడు?"

"అది ఎటు లాగుతోందో దానికి ఎదురువైపు."

కుడివైపు గుహలో, గున్న ఏనుగంత రాక్షసపిల్ల ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉంది. కొండి లోపల అడుగు పెట్టకుండా వాకిట్లోనే కూర్చుంది. మూటలోంచి శొంఠి, పిప్పళ్ళు తీసి నూరసాగింది. గుభేలిక గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. కుంటు ఏమైందో ఏమో!

"నా బిడ్డను ముట్టుకుంటే..."

"ముట్టుకోను అక్కా. కషాయం కాచి ఇస్తా, నువ్వే పట్టు. దూడలకు నేనిచ్చేదే. దూడకు చిటికెడైతే దీనికి చేటెడు."

తెల్లారేసరికి పిల్ల చెమటలు కక్కి లేచి, యువరాజు ఒరను నమలడం మొదలుపెట్టింది. గుభేలిక కళ్ళు తుడుచుకుని, "నూరేళ్ళలో నన్ను చూసి పారిపోయినవాళ్ళున్నారు, పొడవడానికి వచ్చినవాళ్ళున్నారు. అక్కా అన్నది నువ్వే. నేను కూడా వస్తా" అంది.

అడవంతా గాలించి పదోరోజుకు ఆశ్రమం చేరారు. ముని వీళ్ళను చూడగానే కమండలం ఎత్తాడు. "పోతారా, పొట్లకాయలు చెయ్యనా?"

యువరాజు మోకరిల్లాడు. "స్వామీ, కుండకు బదులు వంద బంగారు కుండలు..."

"మళ్ళీ కుండ!" ముని జుట్టు నిక్కబొడుచుకుంది. "మీ వంశానికి కుండ తప్ప ఏమీ కనబడదా?"

కొండి ముని పాదాలు చూసింది. మడమలు పగిలి, మోకాళ్ళదాకా ఎండిన బురద. ఆశ్రమం వెనక మడుగు చూసింది. నెర్రెలిచ్చిన బురద మధ్య దోసెడు నీళ్ళు, అందులో వెండి చినుకుల్లా ఏవో ఎగిరిపడుతున్నాయి.

"తాతా, ఆ కుండలో ఏముంది?" అని అడిగింది.

ముని చెయ్యి దిగిపోయింది. "చేపపిల్లలమ్మా. మడుగు ఎండిపోతోంది. మూడురోజుల నడక, పూటపూటకూ నీళ్ళు మార్చుకుంటూ తీసుకెళ్ళాను. నది ఇంకో వీధి దూరంలో ఉంది. అన్నీ దుమ్ములో కొట్టుకుని కొట్టుకుని చచ్చాయి. ఒక్కడు, ఒక్కడు కూడా 'ఏముంది' అని అడగలేదు."

"ఈ మాట అప్పుడే చెబితే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు కదా!" అని కొండి నుదురు కొట్టుకుంది. "శాపం పెట్టడానికి ఉన్న తీరిక, సంగతి చెప్పడానికి లేకపోయింది!"

ముని సిగ్గుపడ్డాడు. "మిగిలినవి నదిని తాకిన క్షణాన రాజు మనిషవుతాడు" అన్నాడు.

యువరాజు మారుమాట లేకుండా బురదలోకి దిగి, తన కిరీటంతో చేపల్ని తోడాడు. గుభేలిక తన వంట గంగాళం నిండా నీళ్ళు పోసి, చేపల్ని వేసి, నెత్తికెత్తుకుంది. చంకలో పిల్ల. దారిపొడుగునా "తొణకనివ్వకు అక్కా, తొణకనివ్వకు" అని కొండి గొంతు పోగొట్టుకుంది.

పున్నమి రోజు పొద్దు తిరిగేవేళకు వెదురుకోట చేరారు. చేపలు నదిలోకి జారాయి. మేడ మీద రాయలు కదిలాడు. ఆయన మొదటిమాట, "ఆ కుండలో ఏముంది?" రాయిగా పడి ఉన్నన్నాళ్ళూ ఆలోచించడం తప్ప పనేముంది మరి!

కానీ అప్పటికే పెంచలయ్యను వధ్యశిల దగ్గరికి తెచ్చారు. రాజు మెట్లు దిగి వచ్చాడు. మంత్రి ఎవరినీ నోరెత్తనివ్వడం లేదు. "ప్రభూ, పులిని విప్పమన్నది వీడే! నా చెవులతో విన్నాను!" నలభై ఏళ్ళు కొలువు చేసిన మంత్రి మాట. రాజు ముఖం నల్లబడింది. "సుశ్రవుడు అబద్ధమాడడు" అన్నాడు నెమ్మదిగా.

కొండికి తల నుంచి అరికాళ్ళదాకా మండింది. కొండి విసరబోయి ఆగింది. ఇదీ కొమ్మే. మరి గిట్ట ఏది?

మంత్రి ఎవరి కళ్ళూ చూడటం లేదు, అందరి పెదవులే చూస్తున్నాడు. ఎవరు మాట పూర్తి చేయబోయినా అడ్డుపడుతున్నాడు. నాయన చెప్పేవాడు, చూపు ఆనని ఎద్దే ముందు కుమ్ముతుందని. ఎటునుంచి వస్తారో తెలియని భయం దానిది.

ఆమె మంత్రి వెనక్కి వెళ్ళి గట్టిగా అంది. "మంత్రిగారూ, మీ తలపాగాకు నిప్పంటుకుంది!"

జనం హాహాకారాలు చేశారు. యువరాజు నీళ్ళకోసం పరుగెత్తాడు. మంత్రి మాత్రం రాజును చూస్తూ చిరునవ్వుతో నిలబడే ఉన్నాడు. అందరి కళ్ళూ తనమీద పడ్డాక ఆ నవ్వు మెల్లగా వాడిపోయింది.

"మూడేళ్ళయింది" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "మెల్లమెల్లగా పోయింది. వినపడలేదంటే ముసలివాణ్ణి చేసి ఇంటికి పంపుతారని భయం. పెదవులు చూసి పోల్చుకునేవాణ్ణి. పెంచలయ్య తల వంచుకుని కేకేశాడు. ఏదో విప్పమన్నట్టు చేతులు తిప్పాడు. పులి అనుకున్నాను. నిజంగానే అలా విన్నాననుకున్నాను ప్రభూ."

రాజు తానే వెళ్ళి పెంచలయ్య కట్లు విప్పాడు. పెంచలయ్య లేచి, కూతురి తల నిమిరి, తిన్నగా ఎద్దు దగ్గరికి నడిచాడు. జరీ పట్టెడ ఎత్తి చూపాడు. అడుగున పాత పలుపు బిగిసి, మాంసంలోకి దిగి, కుళ్ళిపోయి ఉంది. పైన బంగారం మెరుస్తుంటే కింద ఎవడు చూస్తాడు! తాడు కోయగానే ఎద్దు పెద్ద నిట్టూర్పు విడిచి, ఏడుగురిని కుమ్మిన తలను ఆయన ఒడిలో పెట్టింది.

కోసింది యువరాజు కత్తితోనే. అది అప్పటినుంచి ఎద్దుకు గడ్డి కోయడానికే ఉండిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ గడ్డిమోపు చూసే కొండి పెళ్ళికి ఒప్పుకుందనీ, ఆ పెళ్ళిలో గుభేలికే వంటలక్క అనీ చెబుతారు.

ఆ రోజు మాత్రం కొండి మంత్రి ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా నిలబడింది. "ఇంతోటి దానికి మా నాయన తల పోయేది కదా తాతా! 'ఏమిటీ' అని ఒక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయేది? మా నాయన అన్నది పలుపు!"

సుశ్రవుడు చాలాసేపు తటపటాయించి, మూడేళ్ళలో మొదటిసారి అరచెయ్యి చెవికి ఆనించి ముందుకు వంగాడు.

"మళ్ళీ చెప్పమ్మా, వినపడలేదు."

వెదురుకోట కోటంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"పలుపూ!"