పెరట్లో పరిచిన రాళ్లు

“పెరడంతా బండలు పరిచేస్తారా? అయితే నేను ఖాళీ చేసేస్తా!”

వెనక వాటాలో అద్దెకున్న టీచరమ్మ అంత మాట అనేసరికి ఇంటివాళ్లబ్బాయి ఉలిక్కిపడ్డాడు. చేతిలోని కొలత టేపు జర్రున చుట్టుకుపోయింది. టైల్స్ షాపు నడిపేవాడికి బండలు తప్ప ఇంకేం తోస్తుంది?

“గడ్డి వేస్తే నీళ్లెవరు పోస్తారండీ? రేపు మీరు వెళ్లిపోతే?”

“వెళ్లిపోతానని ఎవరన్నారు?”

“ఇప్పుడు మీరే కదా!”

ఆమె నవ్వాపుకుంటూ చెప్పులు విడిచి, వాన తడి ఆరని నేల మీద తన గుమ్మం నుంచి బట్టల తీగ దాకా నడిచింది. “ఇలా నడుస్తుంటే బడిలో తలనొప్పంతా దిగిపోతుంది. మీ బండల మీద దిగుతుందా?”

అతను బురదలో వరసగా పడిన ఆ అడుగుల గుర్తులనే చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజంతా షాపులో ఎవరేమడిగినా అవే కనిపించాయి.

సెలవులకు ఊరెళ్లిన టీచరమ్మ తిరిగొచ్చేసరికి పెరడు పచ్చగా ఉంది. గడ్డి మధ్యలో ఆమె గుమ్మం నుంచి తీగ దాకా విడివిడిగా రాళ్లు. బట్టలు ఆరేయబోయి అతని అమ్మ తూలింది.

“ఇవేం రాళ్లురా? ఒకదాని మీద కాలేస్తే రెండోది అందదు! నా అడుగు కాదు, నీ అడుగూ కాదు. ఎవరి కొలతరా ఇది?”

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

టీచరమ్మ బ్యాగు దించి, చెప్పులు విడిచి నడిచింది. ప్రతి అడుగూ రాయి మీదే పడింది. తీగ దగ్గర ఆగి, మెల్లగా అడిగింది. “ఎప్పుడు కొలిచారు?”

“ఆ వేళే, మీరు లోపలికెళ్లాక. మీరు వెళ్లిపోతారేమోనని భయమేసింది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ.”

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “సరిపోయింది! ఈ పిల్ల అడుగుకే రాళ్లు పరిచాక ఈ వాటా ఇంకెవరికిస్తాం? తల్లీ, నీకిష్టమైతే మీ వాళ్లతో నేనే మాట్లాడతా.”

టీచరమ్మ ముఖం ఎర్రబడింది. తీగ అవతల ఉన్న ఇంటివాళ్ల వంటింటి గుమ్మం వైపు చూసింది.

“రాళ్లు ఇక్కడితో ఆపేశారేం? మీ గుమ్మం దాకా నేనెలా రావాలి?”

అతను గబగబా జేబులోంచి టేపు తీశాడు. “నడవండి, కొలుస్తాను.”

ఆమె నడిచింది. చిన్నగా వాన మొదలైంది.