ఉప్పునీటి వేలు

బుధవారం పొద్దున లితియా నిమ్మాకు టీ కాచి, ఉడికిన కర్రపెండలం పళ్లెంలో పెట్టి భర్త ముందుకు జరిపింది. అపిసాయి ముట్టుకోలేదు. కుడిచెయ్యి చాచి, వేళ్లు విడదీసి, కిటికీ వెలుగులో పరీక్షగా చూసుకుంటున్నాడు. వారం రోజులుగా అదే పని.

"ఆ చెయ్యి నిన్నట్లాగే ఉంది. ముందు టీ తాగు," అంది లితియా.

"వణుకుతోందా లేదా, అది చెప్పు."

"నీకంటే నాకే ఎక్కువ వణుకుతోంది, నిన్నిట్లా చూడలేక."

గుమ్మం దగ్గర సంచి సర్దుకుంటున్న కూతురు వసితి ఆ మాట విని ఆగిపోయింది. లెవుకా రేవువీధిలో ఆమెకు ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. టీచరు శిక్షణ మధ్యలో వదిలేసి అది పెట్టిందని తండ్రికి కోపం. "అద్దాలు తుడుచుకునే పని" అంటాడు. రెండేళ్లయినా దుకాణం గడప తొక్కలేదు.

అపిసాయి ముప్ఫయ్యొక్క ఏళ్లుగా లెవుకా నుంచి కోరో దీవికి ప్రయాణికుల పడవ నడుపుతున్నాడు. పోయిన బుధవారం జడివానలో తిరిగొస్తూ, పగడపు దిబ్బల సందులోకి మలుపు తీసుకునే చోట పడవ అడుగు దిబ్బకు రాసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చుక్కాని దగ్గర కొత్తగా పెట్టిన, వేలితో తాకి నడిపే తెర మీద దారి పటం తనంతట తానే కదిలిందని ఆయన అన్నాడు. ఎవరూ నమ్మలేదు. పక్కనే ఉన్న కొడుకు మనోవా మాత్రం నాన్న చెయ్యి తడబడిందని పడవ యజమాని సవేనాకాకు చెప్పాడు.

మనోవా అప్పుడే లోపలికొచ్చాడు. "సవేనాకా మావయ్య పది గంటలకొస్తున్నాడు. మర్యాదగానే సాగనంపుతాడట నాన్నా. ఇంక విశ్రాంతి తీసుకో."

"చుక్కాని నీకిస్తారా అన్నా?" అడిగింది వసితి.

"నేనడగలేదు."

"వద్దనలేదు కూడా."

"పడవలో నలభైమంది ఉన్నారే. అందులో పసిపిల్లలు ఆరుగురు. నాన్న మీద ప్రేమతో అబద్ధం చెప్పమంటావా? చూసింది చెప్పాను."

"ఏం చూశావు?"

"నాన్న చెయ్యి తెర మీదుంది. పటం ఒక్కసారిగా పక్కకి పోయింది."

"చెయ్యి పెట్టాక పోయిందా, పోయాక పెట్టాడా?"

అపిసాయి పళ్లెం మీదనుంచి తల ఎత్తాడు. వారం రోజుల్లో ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"పోయాక పెట్టాను. వెనక్కి లాగుదామని," అన్నాడు మెల్లగా. "పది వేళ్లు ఒకేసారి నొక్కినట్టు గంతులేసింది తల్లీ. పెద్దదైంది, చిన్నదైంది. దిబ్బ ఏ వైపుందో తెలియలేదు."

"తెర తడిసిందా?"

"వానే కదా. కిటికీ తీసే ఉంది."

వసితి సంచి కింద పెట్టేసింది.

సవేనాకా లితియాకు వరసకు అన్న. చెప్పిన వేళకే, పెద్దమాట చెప్పేముందు కానుకగా పెట్టే యంగోనా వేర్ల కట్ట చేతబట్టుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. కట్టను అపిసాయి ముందుంచి, ముప్ఫయ్యొక్క ఏళ్ల సేవను తలుచుకుంటూ నెమ్మదిగా మాట మొదలుపెట్టాడు. కట్ట అందుకుంటే ఆ మాటకు ఒప్పుకున్నట్టే. పెద్దలు మాట్లాడుతుంటే ఆడపిల్ల నోరెత్తడం ఆ ఇంట్లో లేదు.

"మావయ్యా, ఆ కట్ట నాన్న అందుకోకముందే ఒక్కసారి పడవ దగ్గరికి రావాలి," అంది వసితి.

లితియా కూతురి మోచెయ్యి పట్టుకుంది. సవేనాకా ముఖం ముడుచుకున్నాడు. "పెద్దవాళ్ల మధ్య ఇదేం పద్ధతి?"

"తప్పే మావయ్యా. తర్వాత తిట్టండి. నాన్నది తప్పు కాదని మీ కళ్లతో చూపిస్తాను. చూపించలేకపోతే దుకాణం మూసేసి మళ్లీ శిక్షణకి పోతాను."

అపిసాయి చివాలున కూతురి వైపు చూశాడు. రెండేళ్లుగా తాను అడుగుతున్నది అదే. అయినా ఆ క్షణంలో ఆయనకది అక్కర్లేకపోయింది. "పదండి," అంటూ ముందుగా లేచాడు.

చుక్కాని గదిలో ఐదుగురూ ఇరుక్కుని నిలబడ్డారు. వసితి తెర వెలిగించి, ఇంటి నుంచి తెచ్చిన సీసాలోని నీళ్లు దాని మీద చిలకరించింది. చుక్కలు జారిపోయాయి. పటం కదల్లేదు. ఇంకాస్త పోసింది. ఊహూఁ.

"చాల్లే వసితీ," అన్నాడు మనోవా. గొంతులో గెలుపు లేదు, జాలే ఉంది. ఆ జాలి ఆమెకు ఎక్కువ మండింది.

సవేనాకా వెనుదిరిగాడు. వసితి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆ రోజు నీ మొహాన పడిన నీళ్లు ఎట్లా ఉన్నాయి? రుచి గుర్తుందా?"

అపిసాయి నుదురు చిట్లించాడు. "ఉప్పగా. కళ్లు మండాయి. మలుపులో అల లోపలికి కొట్టింది."

ఆమె బకెట్ తీసుకుని పడవ అంచుకు పరుగెత్తింది. సముద్రపు నీళ్లు ముంచుకొచ్చి తెర మీద ధారగా పోసింది. నీళ్లు అద్దం మీద పాయలుగా విడిపోయి కింది అంచుకు పాకాయి. పటం ఒక్క ఉదుటున పక్కకు జారింది. పెద్దదైంది. కుంచించుకుపోయింది. కోరో దీవి మాయమై, ఎక్కడిదో నడిసముద్రం తెర నిండా పరుచుకుంది. ఎవరి చెయ్యీ దాని దగ్గర్లో లేదు.

"ఈ అద్దం కింద కంటికానని సన్నటి తీగల వల ఉంటుంది మావయ్యా," అంది వసితి రొప్పుతూనే. "అందులో రవ్వంత కరెంటు. మన ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఉన్నాయి కాబట్టి, వేలు పెట్టినచోట ఆ కరెంటు కొంచెం ఇటు వచ్చేస్తుంది. ఎక్కడ తగ్గిందో చూసుకుని అక్కడ వేలుందనుకుంటుంది తెర. సముద్రపు నీళ్లలోనూ అదే ఉప్పు. ఈ పాయ ఒక వేలు, ఆ పాయ ఇంకో వేలు. నొక్కింది నాన్న కాదు, సముద్రం."

"మరి పాత తెరకి ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇట్లా కాలేదే," అన్నాడు సవేనాకా.

"దాంట్లో రెండు పలచటి పొరలు, మధ్యలో ఖాళీ. గట్టిగా నొక్కితే రెండూ అంటుకునేవి. చేపముల్లుతో నొక్కినా పలికేది, అల కొట్టినా పట్టించుకునేది కాదు. కొత్తది మెరుస్తుంది, కానీ వేలెవరిదో దానికి తెలీదు. దీనికీ మార్గముంది." పక్కనున్న మీట నొక్కి పట్టుకుంది. తెర మూలన తాళం గుర్తు వెలిగింది. మిగిలిన నీళ్లన్నీ గుమ్మరించింది. పటం రాయిలా నిలబడింది. "అల లేచినప్పుడు ఇట్లా తాళం వేసి, ఈ మీటలతో నడపాలి. పడవ వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు."

మనోవా గోడకు జారగిలబడ్డాడు. "నేను నాన్నని..." అని ఆగిపోయాడు. అపిసాయి వారం రోజులుగా అనుమానించిన ఆ చేత్తోనే కొడుకు మెడ పట్టి దగ్గరకు లాక్కున్నాడు. "చూసింది చెప్పావు. ఇప్పుడు చూసింది కూడా చెప్పు," అన్నాడు. పాతికేళ్ల మనోవా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చాక సవేనాకా ఆ కట్టనే మళ్లీ అపిసాయి ముందుంచాడు. ఈసారి క్షమాపణ కోసం. అపిసాయి ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి అందుకున్నాడు.

శనివారం పొద్దున కోరో ప్రయాణానికి చుక్కాని ఆయనే పట్టాడు. తిరిగొచ్చేసరికి సంగతి రేవంతా పాకిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురు పడవ నాయకులు తెరలు సంచుల్లో పెట్టుకుని ఇంటికొచ్చారు. "నువ్వు కనిపెట్టిందేమిటో మాకూ చెప్పు అపిసాయీ," అన్నారు.

"నాకేం తెలుసు? పడవ తోలేవాణ్ని," అన్నాడాయన. గదిలో పైకొసన, పెద్దలు కూర్చునే చోట, కొత్త చాప తన చేతులతోనే పరిచాడు. "వసితీ, ఇటు రా."

"నాన్నా, అక్కడ నేనేమిటి?"

"కూర్చో. వీళ్లకి నెమ్మదిగా చెప్పు. మొద్దు బుర్రలు, నాలాగా."

ముగ్గురూ పకపకా నవ్వారు. వసితి నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. అపిసాయి వెళ్లి ఆ ముగ్గురి పక్కన, గుమ్మానికి దగ్గరగా మఠం వేసుకుని కూర్చున్నాడు.

"మొదలుపెట్టు టీచరమ్మా," అన్నాడు.