తుడవని తడి

హెల్మెట్ తలకి తగిలించి స్విచ్చేసేరో లేదో, మ్యాట్ మీద ఒక కాలు మొలిచింది. ఉత్త కాలే, మోకాలి దాకా. నీలం సాక్సు, దానికో చిరుగు. తర్వాత రెండో కాలు, నడుం, ఛాతీ మీద ఏడో నంబరు. చిట్టచివర మొహం. మొహం రాగానే గ్యాలరీలో ఉన్న ముసలాళ్ళందరూ లేచి ఈలలేసేరు.

"విక్టర్! కొంగలు! కొల్లేటి కొంగలు!"

సుబ్బమంగ మటుకు లేవలేదు. కింద మెట్టు మీద, గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని, మ్యాట్ కుడి మూల వంకే చూస్తా కూచుంది. ఆ మూలన ఏమీ మొలవలేదు.

ఏలూరు స్టేడియంలో ఈ వింత మూడు నెల్ల నించీ నడుస్తోంది. కొల్లేటి కొంగలంటే ఒకప్పుడు ప్రొఫెషనల్ లీగులో ఆడిన కబడ్డీ టీము. పాతికేళ్ళ కిందట కప్పు కొట్టింది. ఆ ఆటల వీడియోలన్నీ లీగు నడిపిన కంపెనీ దగ్గరుండేవి. కంపెనీ మూతపడింది, దాంతోపాటే వీడియోలూ పోయేయి. జనం ఫోన్లలో తీసుకున్న ముక్కలు మిగిలేయి గానీ, వాటిల్లో సగం పక్కోడి చేతులూ తలకాయలే.

అప్పుడు తెచ్చింది డాక్టర్ శర్వాణి ఈ మెషీన్ని. జనం దాన్ని గుర్తుల పెట్టె అంటారు. మనిషి ఒక ఆటని గుర్తు తెచ్చుకుంటుంటే మెదడులో ఏ నరాలు వెలుగుతాయో హెల్మెట్ పట్టుద్ది. కంప్యూటర్ దాన్ని బొమ్మ చేసుద్ది. పైకప్పుకి బిగించిన లేజర్లు ఆ బొమ్మని మ్యాట్ మీద నిలువెత్తున నిలబెడతాయి. ఒక్కడి గుర్తైతే అతుకుల బొంతే. ఒకడికి కాలు గుర్తు, ఇంకోడికి మీసం గుర్తు. అందుకని వేలమందివి తీసుకుని కలుపుద్ది. ఎక్కువమందికి ఏది గుర్తో అది నిలబడుద్ది. తక్కింది చెరిగిపోద్ది.

అట్టా ఒక్కోటీ లేచొచ్చేయి. ఊపిరి అబ్బులు ఒక్క గుక్క కూతలో నలుగుర్ని ముట్టుకుని, పొట్ట మీద జారుకుంటా గీత అందుకున్న రైడు వచ్చింది. పొట్టి ఇస్మాయిల్ ఆరడుగుల మనిషి నెత్తి మీంచి దూకడం, దిగినాక నిక్కరు చిరిగిందేమోనని వెనక్కి తడుముకోవడం వచ్చింది. సెమీఫైనల్లో కరెంటు పోతే జనమంతా ఫోను లైట్లు వేసి ఆటాడించిన సాయంత్రమూ వచ్చింది. చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వుతానే కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఇంక మిగిలింది ఫైనల్లో ఆఖరి రైడు. దాన్ని ఆదివారం సాయంత్రం ఊరందరికీ చూపిస్తామన్నారు.

ఆ రైడు సంగతి లోకం ఒకలా చెప్పుకుంటుంది. మనకి ఒక్క పాయింటే ఎక్కువ. అవతలి రైడరు కూత పెట్టుకుంటా వచ్చేడు. వాణ్ణి పట్టేస్తే కప్పు మనది. విక్టర్ గాల్లోకి లేచి గుద్దేడు, వాడు పడ్డాడు. అంతే.

సుబ్బమంగకి తెలుసు, అంతే కాదని. విక్టర్ గుద్దేసరికే రైడరు కాలు కదలట్లేదు. వాడి చీలమండ కుడి మూల ఆడే కుర్రాడి రెండు చేతుల్లో ఉంది. ఆ కుర్రాడు గంగరాజు, సుబ్బమంగ తమ్ముడు. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది ఈవిడే. రైడరూ విక్టరూ మిగతా అయిదుగురూ కట్టకట్టుకుని వాడి మీద పడ్డారు. మెడ విరిగింది. మూడో రోజు, కప్పు ఊరేగింపు ఆస్పత్రి ముందు నించి వెళ్తుంటే, పోయేడు.

మరి అంతమంది జనంలో ఒక్కరైనా గంగరాజుని చూళ్ళేదా అంటే, చూళ్ళేదు. కబడ్డీ చూసేవాడి కళ్ళు కూత పెట్టేవాడి మీద ఉంటాయి, లేకపోతే గాల్లోకి ఎగిరినవాడి మీద ఉంటాయి. నేలకి కరుచుకుని చీలమండ పట్టినవాణ్ణి చూసేది మ్యాట్ తుడిచే మనిషి ఒక్కతే. సుబ్బమంగ పని అదే. ఆటగాళ్ళ చెమట పడి మ్యాట్ తడిస్తే కాళ్ళు జారతాయి. రిఫరీ ఈలేసి ఆట ఆపగానే గుడ్డ పుచ్చుకుని పరిగెత్తి తుడిచి రావాలి. మూల వెనకాల, గీతకి మూరెడు దూరంలో కూచునేది. ఆ రోజు వాడిన గుడ్డ ఇంకా సంచీలోనే ఉంది. తమ్ముడి చెమట ఉందని, ఇన్నేళ్ళలో దానికి నీళ్ళు తగలనివ్వలేదు.

ఆదివారం మధ్యాన్నం డాక్టరు గదికి వెళ్తుంటే వరండాలో విక్టర్ ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది గానీ భుజాలు ఇంకా తలుపంత ఉన్నాయి. ఏటా గంగరాజు పోయిన రోజున ఇంటికొచ్చి, అరుగు మీద కూచుని, "పట్టింది వాడే మంగక్కా, పేరు నాకొచ్చింది" అని తల వంచుకునేవాడు.

"ఏరా విక్టరూ, డాక్టరమ్మకి చెప్పేవా?"

"ఏం చెప్పాలక్కా?"

"పట్టింది మావోడని!"

విక్టర్ మొహంలోకి ఏదో అడ్డమొచ్చినట్టయింది. "గంగరాజా? ఉన్నాడక్కా, మూలనున్నాడు పాపం. పట్టింది నేనే కదా."

"పోయినేడు మా అరుగు మీద కూచుని ఏడ్చేవు కదరా!"

"వాడు పోయేడని ఏడ్చేను. ఆ గుద్దు నాకు భుజంలో ఇంకా తెలుస్తుందక్కా. నీకెందుకు అబద్ధం చెప్తాను?"

అది అబద్ధం చెప్పే మొహం కాదు. సుబ్బమంగ సంచీ గుండెలకి హత్తుకుని డాక్టరు గదిలోకి నడిచింది.

ఆ మాట చెప్తే డాక్టర్ శర్వాణి లేచి తలుపేసి వచ్చింది.

"తప్పు నాదే పెద్దమ్మా. గుర్తు తెచ్చుకున్నప్పుడు అది పచ్చి మట్టిలా మెత్తబడుతుంది. మళ్ళీ గట్టిపడ్డానికి ఆరు గంటలు పడుతుంది. ఈలోగా ఇంకో బొమ్మ చూస్తే దాని అచ్చు పడిపోతుంది. విక్టర్ గారు హెల్మెట్ తీసిన గంటకే ట్రయల్ బొమ్మ చూసేశారు. అప్పటికి నాకిది తెలీదు."

"అయితే తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలేనా?"

"అలాగే ఉంది. ఇన్నాళ్ళూ మీరు ఎందుకు రాలేదు?"

సుబ్బమంగ సంచీ మూతి మెలిపెట్టింది.

"నా గుర్తులో ఇంకోటి ఉందమ్మా. ఆ రైడుకి ముందు ఆట ఆగింది. మావోడు కాలితో చూపించి, 'అక్కా, ఇక్కడ తడి' అన్నాడు. నా గుడ్డ అప్పటికే ముద్దయిపోయింది. పొడిది కావాలంటే బెంచీ దాకా పోవాలి. ఒక్క రైడే గదా, అయ్యాక తుడుద్దాంలే అనుకున్నాను. వాడు పట్టు పట్టేక కాలు జారింది. ఆ తడి మీదే. జారకపోతే మెడ అందరి కిందకీ పోయేది కాదు."

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టింది.

"నాది చూపిస్తే అదీ అందరూ చూస్తారు. చూడనీ. కప్పు తెచ్చింది వాడని తెలిస్తే చాలు. వాణ్ణి చంపుకుంది నేనని తెలిసినా ఫర్లేదు."

"పెద్దమ్మా, మీదొక్కటి. విక్టర్ని చూసినవాళ్ళు ఎనిమిది వేలు."

"ఓట్ల లెక్కేనా అమ్మాయ్? అయితే నాకు డిపాజిట్ కూడా రాదు."

డాక్టరు నవ్వబోయి ఆగింది. "దగ్గర నుంచి చూసినవాళ్ళ గుర్తుకి బలం పెంచి చూస్తాను. మాటివ్వలేను. మీరు మాత్రం ఈ సాయంత్రం బొమ్మ చూడొద్దు. వెనక గదిలో కూచోండి. మీ గుర్తు బొమ్మ రేపు మొదటిసారి మీకే చూపిస్తాను. ఒట్టు."

హెల్మెట్ పెట్టేరు. కళ్ళు తెరిస్తే బొమ్మ చెదురుద్దన్నారు గాబట్టి సుబ్బమంగ రెప్పలు బిగించింది. కాసేపటికి డాక్టరు గొంతు వినపడింది, నెమ్మదిగా.

"వచ్చాడు పెద్దమ్మా."

"ఎడం చెవికి పోగుందా?"

"ఉంది."

"గెడ్డం కింద గాటు?"

"ఉంది. చీలమండ పట్టుకుని ఉన్నాడు. మీ వైపే చూస్తున్నాడు."

మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి హెల్మెట్ పట్టీ తడిసింది. తమ్ముడు పది అడుగుల దూరంలో తెర మీద ఉన్నాడు, చూడ్డానికి లేదు.

సాయంత్రం అయిదింటికి స్టేడియం కిటకిటలాడిపోయింది. వెనక గదిలో సుబ్బమంగకి టీ ఇచ్చి తలుపు దగ్గరేసి వెళ్ళేరు. గోల వినపడుతోంది. చెవులు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి కూత వినపడింది. ఉన్నట్టుండి ఈల మోగింది.

రిఫరీ ఈల. ఎనిమిది వేల బుర్రల్లోంచి తీసిన ఈల. ఆట ఆగింది, మ్యాట్ తుడవాలి.

కాళ్ళు ఆవిణ్ణి అడగలేదు. సంచీలోంచి గుడ్డ ఎప్పుడు లాగిందో, తలుపు ఎప్పుడు తోసిందో తెలీదు. పన్నెండేళ్ళు చేసిన పరుగది. వంగుని, తల దించుకుని, తిన్నగా కుడి మూలకి పోయి, అక్కడ తల ఎత్తింది.

చుట్టూ వెలుగు మనుషులు. విక్టర్ ఉన్నాడు, అబ్బులు ఉన్నాడు, ఇస్మాయిల్ ఉన్నాడు. లెక్కేసింది. ఆరుగురు. కుడి మూలన ఏదో పొగలాంటిది నిలబడుంది. దానికి మొహం లేదు, చెవి లేదు, పోగు లేదు.

"ఒరే గంగా!" అంది.

పొగ పలకలేదు. మళ్ళీ ఈల మోగింది. రైడరు కూతతో వచ్చేడు. విక్టర్ లేచేడు, ఈవిడ గుండెల్లోంచి దూసుకుని పోయి గుద్దేడు. రైడరు పడ్డాడు. వాడి చీలమండ మీద ఎవరి చెయ్యీ లేదు. స్టేడియం దద్దరిల్లిపోయింది.

సుబ్బమంగ మోకాళ్ళ మీద కూలబడి ఆ మూల తుడవడం మొదలెట్టింది. మ్యాట్ పొడిగా ఉంది. అయినా తుడిచింది, బలమంతా పెట్టి, మూల మూలంతా. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టేరు. డాక్టరు మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో ఆవిడ కళ్ళు మూసింది. అప్పటికే ఆ రైడు మూడుసార్లు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు సుబ్బమంగ ఇంటికొచ్చింది, చేతిలో టాబ్లెట్‌తో. అందులో దాచిన ఒక్క కాపీ ఉంది. నిన్న మధ్యాన్నం హెల్మెట్ పట్టిన గుర్తు, దేనితోనూ కలపనిది.

"రామ్మా, కూచో," అంది సుబ్బమంగ. మొహం తేటగా ఉంది. "ఎన్నేళ్ళకో ఒళ్ళు తెలీకుండా నిద్రపట్టింది తల్లీ. తెల్లారిందాకా మెలకువే రాలేదు."

డాక్టరు బొమ్మ చూపించింది. నేల మీద గంగరాజు, రెండు చేతుల్లో చీలమండ, కాలి కింద మెరుస్తున్న తడి. సుబ్బమంగ మర్యాదగా చివరిదాకా చూసింది.

"అచ్చం మావోడే. ఎంత బాగా గీసేరమ్మా!"

"గీసింది కాదు పెద్దమ్మా. ఇది మీ గుర్తు. పట్టింది మీ తమ్ముడే అని మీరే చెప్పారు."

"నేనా? నన్ను సంతోషపెడదామని చూస్తున్నావు గానీ, పట్టింది విక్టర్ కదా. మావోడు పాపం కింద పడి నలిగిపోయేడు. ఎవరేం చేస్తారు."

డాక్టరు బొమ్మలో కాలి కిందకి వేలు చూపించింది. "మరి, ఆ తడి?"

"ఏం తడి? మూలంతా తుడిచేను కదమ్మా. మోకాళ్ళ మీద కూచుని తుడిచేను. జనం చప్పట్లు కూడా కొట్టేరు, బాగా గుర్తు నాకు."

డాక్టరు టాబ్లెట్ పక్కన పెట్టబోతే, సుబ్బమంగ ఇచ్చిన టీ కప్పు తగిలి ఒలికింది. "అయ్యో, ఉండు తల్లీ," అంటా సుబ్బమంగ చుట్టూ చూసి, చిలక్కొయ్యకున్న సంచీలోంచి ఒక పాత గుడ్డ లాగి నేల తుడిచింది. తుడిచి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఎన్నాళ్ళయిందో దీన్ని ఉతికి," అనుకుంటా పెరట్లోకి పోయి, బకెట్లో ముంచి, సబ్బు రుద్ది, గట్టిగా పిండి తీగ మీద ఆరేసింది.