సలోమి ఐదువందల మాటలు

“ఇది కాలేజీ అప్లికేషనాండీ? వర్ధంతి కార్డనుకున్నా,” అన్నాడు జిరాక్సు, నెట్ సెంటర్ మనోజ్, కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా.

సలోమికి ఒళ్ళు మండింది. “అప్‌లోడ్ చెయ్యటం మీ పని. చదవమన్నదెవరు?”

“ఫాంట్ మారుస్తుంటే కళ్ళబడింది. ‘మై లైఫ్ ఈజ్ ఎ స్ట్రగుల్’ అంట. వాళ్ళు సీటివ్వరండీ, ఫొటోకి దండేస్తారు.”

పెన్‌డ్రైవ్ లాక్కుని, వానలో తడుస్తూనే ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. నాన్న పోయి మూడేళ్ళు. అమ్మ ప్రేమలత ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీలతో తల్లీకూతుళ్ళు తీరిగ్గా మాట్లాడుకునే రోజే ఉండదు. డిగ్రీ స్నేహితురాళ్ళలో ఒకమ్మాయి పెళ్ళయి చిలకలూరిపేట వెళ్ళింది, ఇంకొకరికి హైదరాబాదులో ఉద్యోగం. నరసరావుపేటలో సలోమి ఒక్కతే మిగిలింది. బెంగుళూరులో ఎం.ఏ. సీటొస్తే తనూ వెళ్ళొచ్చు. దానికి తన గురించి ఐదువందల మాటలు రాయాలి. మర్నాడే ఆఖరి తేదీ.

ఈసారి ఉన్నదున్నట్టు రాసింది. కుక్కర్ విజిలేస్తే “వస్తున్నా” అని జవాబు చెప్తానని. లోను కావాలా అని ఫోన్ చేసినమ్మాయిని ఇంటి సంగతులన్నీ అడిగితే, ఆ అమ్మాయే విసుగొచ్చి పెట్టేసిందని. రాస్తూ పైకే నవ్వింది. ఖాళీ ఇంట్లో ఆ నవ్వు వింతగా వినిపించి, ఆపేసింది.

మర్నాడు మనోజ్ అడిగి మరీ చదివాడు. కుక్కర్ దగ్గర నవ్వాడు. లోను దగ్గర కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

సలోమికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేరా తీసేయటం మరిచిపోయింది.

‘నా ఆధార్ జిరాక్సులు మా ఇంట్లో ముప్పైనాలుగున్నాయి. కావలసింది ఒక్కటే. కానీ ఆ షాపతను తిన్నారా అని అడుగుతాడు. ఈ ఊళ్ళో నన్నామాట అడిగేది అతనొక్కడే.’

“అది తీసెయ్యండి,” అంది తలొంచుకుని. “ఊరికే నవ్వుకోటానికి రాశా.”

“నాకు నవ్వు రాలేదండీ.” జిరాక్సు మిషనువైపు చూపించాడు. “మిషను వేడెక్కాలి, ఐదు నిమిషాలు కూర్చోండి అంటా గదా? దానికి అర నిమిషం చాలు.”

బయట వాన పెద్దదైంది. ఇద్దరూ దానివంకే చూశారు.

“అది తీసేస్తే సీటు రాదు, నువ్విక్కడే ఉంటావు,” అన్నాడు చివరికి. ‘అండీ’ ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. “నాకదే బాగుంటది. అయినా తియ్యకుండానే పంపుతున్నా.”

సీటొచ్చింది. ప్రేమలత ఆ ఐదువందల మాటలూ అడిగి చదివింది. “ఇంత ఒంటరిగా ఉన్నావని నాకు తెలవదే,” అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ. తర్వాత, “ఆ పిల్లోణ్ణి ఆదివారం చర్చి అయినాక అన్నానికి రమ్మను.”

జులైలో రైలెక్కించటానికి మనోజ్ కూడా వచ్చాడు. బండి కదులుతుంటే కిటికీ పక్కనే నడిచాడు.

“రెండేళ్ళు ఆగుతా సలోమీ.”

“ఆగొద్దు. దసరాకే రా.”

ప్లాట్‌ఫాం అయిపోయింది. ఎదురు సీట్లో పెద్దావిడ అడిగింది, “ఎవరమ్మా ఆ అబ్బాయి?”

సలోమి కళ్ళు తుడుచుకుని, పక్కకి జరిగి చోటిచ్చింది.

“చానా ఉంది మామ్మా. ఇట్టా వచ్చి కూర్చో, చెప్తా.”