బీగాల గంగాధరం ఇంటికి బీగం

కర్నూలు బజారులో సగం అంగళ్లు గంగాధరం అమ్మిన బీగాలతోనే మూతపడతాయి. బీగమంటే తాళమే. కానీ సీమలో తాళం భజనకు, బీగం తలుపుకు. ఇత్తడివి, ఉక్కువి, మూడుసార్లు తిప్పితే గాని నోరు తెరవనివి, అన్నీ ఆయన అంగట్లో వేలాడుతుంటాయి. అంతటి బీగాల గంగాధరం ఇంట్లో, రెండువేల ఎనిమిది ఎండాకాలంలో, ఒక వస్తువుకు మాత్రం బీగం లేదు. అది బీరువా మీద కూర్చుని, పచ్చదీపాలు మిణుకు మిణుకుమనిపిస్తూ, ఇంటర్నెట్టును వీధికంతా ధర్మం చేస్తుండేది. ఆ వైఫై పెట్టె పేరు డిఫాల్ట్. కొన్ననాటి పేరే, ఎవరూ మార్చలేదు. ఫాల్టు పేరులోనే ఉంది.

ఆ ధర్మం తింటున్నవాడు ఒక్కడే. ఎదురు మిద్దె మీద ఒంటి గదిలో అద్దెకుండే కిరణ్‌కుమార్. సొంతూరు కమలాపురం. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాడు. గదిలో ఒక ల్యాప్‌టాప్, ఒక నీళ్లకుండ, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనలేదు. కొంటే ఖాళీగా కనిపిస్తుందని భయం. ఆదివారాల్లో మెస్సులో "ఇంకొంచెం పప్పు" అనడమే అతని ప్రసంగం. మిగతా పొద్దంతా గొంతుకు సెలవు.

అలా బతుకు నెట్టుకొస్తున్నవాడికి ఒక సాయంత్రం నెట్టు దొరికింది. తెర మూలన మూడు పచ్చగీతలు వెలిగాయి. అవి గంగాధరం కూతురు శ్రీవాసవి పనికి కూర్చున్నప్పుడు వెలుగుతాయి, లేచినప్పుడు ఆరిపోతాయి.

తల్లి పోయాక ఆ ఇంట్లో మాటలు కూడా తగ్గాయి. నాన్న రోజంతా అంగట్లో అరిచి, ఇంటికి మౌనం తెచ్చుకునేవాడు. వాసవి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలను టైపు చేసేది. పొద్దంతా చెవిలో మనుషులే, ఒక్కరూ ఆమెతో మాట్లాడరు. ఒకరికి మోకాట్లో నొప్పి, ఇంకొకరికి గుండెలో చప్పుడు. ఆమె గుండె సంగతి అడిగే డాక్టరు మాత్రం లేడు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె తన మిద్దె అంచున నిలబడి పిలిచింది.

"ఏమండీ, ఒంటి కుర్చీ ఆయనా."

కిరణ్ ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ కూడా అతనితో పాటే కిర్రుమంది.

"మీ మిద్దె మీద ఎప్పుడు జూసినా ఒకే కుర్చీ ఉంటాదే. ఎవరూ రారా?"

"వచ్చేవాళ్లుంటే కొందునండీ."

"సరేలే. మీకు కంప్యూటర్ శానా వస్తాదంట కదా. మా నెట్టు ఎవరో దొంగతనం జేస్తాండారు. నెల సగం కాకముందే లిమిట్ అయిపోతాండాది. డాక్టరు ఫైలు దిగేలోపల పేషెంటుకు నయమై ఇంటికి పోతాండాడు. కొంచెం వచ్చి చూస్తారా?"

దొంగ చెప్పులేసుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దొంగను పట్టడానికి బయలుదేరాడు.

హాల్లో గంగాధరం పడక్కుర్చీలో ముఖం మీద పేపరు కప్పుకుని ఉన్నాడు. పేపరు ఊపిరికి లేస్తూ పడుతోంది. కిరణ్ చప్పుడు కాకుండా బీరువా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ మూత తెరిచాడు. అంతే. ఇల్లు తెలిసిన ఎద్దులా అది ఎవరినీ అడక్కుండా నేరుగా డిఫాల్ట్‌లోకి దూరింది. గీతలు నిండుగా వెలిగాయి.

వాసవి తెరనూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మీ ల్యాప్‌టాప్‌కు మా ఇల్లు ముందే తెల్సినట్టుండాదే."

కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనేనండీ ఆ దొంగ. పాటలు దించుకున్నా. పేపర్లు చదువుకున్నా."

"అడగొచ్చు కదా."

"అడగాలంటే మాట్లాడాల కదండీ."

అతనే మళ్లీ అన్నాడు. "నాకు ఈడ ఎవరూ లేరు. సాయంత్రం ఆ గీతలొస్తే, ఎదురింట్లో ఎవరో కూర్చోని పని జేసుకుంటాండారు అనిపించేది. మీరు ఆపేస్తే గదిలో కరెంటు పోయినట్టుండేది."

ఫ్యాను తిరుగుతోంది. పేపరు లేచి పడుతోంది. వాసవి హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టి విప్పింది.

"సరే. బీగం వేయండి."

"రెండు రకాలుంటాయండీ. ఒకటి వెప్."

"వేపా?"

"వేపపుల్లే అనుకోండి. గడియకు అడ్డం పెడితే నిలుస్తాది, గట్టిగా తోస్తే విరుగుతాది. రెండోది డబ్ల్యూపీఏ టూ. అది మీ నాయన ఇత్తడి బీగం."

"ఇత్తడిదే వేయండి. ఇంట్లో ఉండే దొంగ గట్టోడు."

"ముందు పేరు మార్చాల. మీ అంగడి గుర్తుగా బీగాలు అని పెడతా."

ఇంగ్లీషు అక్షరాల్లో బీగాలు అని కొట్టబోయాడు. ధ్యాస వేళ్ల మీద లేదు. జి తర్వాత ఏ పడాల్సిన చోట యు పడింది. అతను చూసుకోలేదు.

"ఇప్పుడు పాస్‌వర్డ్ మీరే కొట్టండి. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు."

"అట్ల తిరగండి."

తిరిగాడు. వెనక ఎనిమిది టకటకలు వినిపించాయి. గడియ వేయడానికి గడియైనా పట్టలేదు. అతని తెర మీద గీతలు ఒక్కసారిగా ఆరిపోయాయి.

"దొంగ బయటపడినాడు," అంది వాసవి. గొంతులో నవ్వు లేదు.

ఆ తర్వాత సాయంత్రాలు పొడుగయ్యాయి. కిరణ్ కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచేవాడు. ఎదురింటి పేరు కనిపించేది, పక్కన చిన్న పసుపు బీగం బొమ్మ. ఆమె ఉందని తెలుస్తోంది, లోపలికి దారి లేదు. వెళ్లి అడుగుదామని మెట్ల దాకా పోయి, వేసిన బీగాన్ని వేసినవాడే తీయమంటే ఏం బాగుంటుందని వెనక్కి వచ్చేవాడు. ఆమె కూడా పని ఆపి కిటికీలోంచి చూస్తుండేదని అతనికి తెలియదు. పాటలు లేవు, పేపరు లేదు. ఫ్యానుతో మాట్లాడాడు. అది అన్నిటికీ అడ్డంగానే తల తిప్పింది.

తొలకరి చినుకులు పడిన సాయంత్రం గంగాధరం గొడుగేసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమప్పా, మా ఇంటికి ఏం పేరు పెట్టినావు?"

"బీగాలు అని, సార్."

"బీగాలు గాదు, బీగులు. మన వీధిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మహానంది వచ్చినోళ్లకంతా చెప్తాండాడు, గంగాధరన్నకు బీగులు దొరికినారు, వైఫై పెట్టుకుంటే వైఫు సంబంధాలు గూడా వస్తాయంట అని."

"ఒక అక్షరం తప్పు పడింది సార్. బీగులంటే ఏంది?"

గంగాధరం అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏ ఊరప్పా నీది?"

"కమలాపురం."

"అదీ సంగతి. మాది కోడుమూరు. మా పక్క బీగులంటే వియ్యంకులు."

కిరణ్ భయంతో లేవబోయాడు. అప్పటికే నిలబడి ఉన్నాడు గనుక కూర్చోబోయాడు. కుర్చీ లేదు.

"ఇప్పుడే మారుస్తా సార్."

"వాసవికి చెప్తే మార్చలే. పాస్‌వర్డ్ మర్చిపోయినా అనింది. మా అంగట్లో ఏ బీగానికి ఏ చెవి పడతాదో చూడకుండా చెప్తాది ఆ పిల్ల. దానికి మరుపు యాడ నుంచి వచ్చిందో నాకు తెల్దు." ఆయన గొడుగు దులిపాడు. "ఆ దినం పేపరు కింద నేను నిద్రపోలేదప్పా. వాళ్లమ్మ పోయినాక నా బిడ్డ ఎవురితోనైనా అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. మీ నాయన ఏం జేస్తాడు?"

"కిరాణా అంగడి సార్."

"నెంబరియ్యి. నువ్వు పోయి ఆ మిషన్ సంగతి చూడు."

ఎదురింట్లో వాసవి బీరువా పక్కనే నిలబడి ఉంది. కిరణ్ రూటరును దించి వెనక్కి తిప్పాడు.

"ఈ చిన్న బొక్కలో పిన్ను గుచ్చితే అన్నీ చెరిగిపోతాయండీ."

"పేరు గూడానా?"

"పేరు, పాస్‌వర్డ్, అన్నీ. మళ్లా డిఫాల్టే."

"నేను చెరపమన్నానా?"

"మరి పాస్‌వర్డ్ మర్చిపోయినారంట."

ఆమె అతని చేతిలోంచి పిన్ను తీసుకుని తన జడలో గుచ్చుకుంది.

"ఈడ ఉండు."

"ఈడనే ఉన్నా కదండీ," అన్నాడు. తర్వాత గాని చెవికి తట్టలేదు, ఆమె మాటలో ఇన్నాళ్ల 'అండి' ఊడిపోయిందని.

"ఉండమంటాండేది నిన్నే. పాస్‌వర్డ్ గూడా అదే."

కిరణ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఈ, ఈ, డి, ఏ. యు, ఎన్, డి, యు. సరిగ్గా ఎనిమిది.

"ఆ రోజే పెట్టినావా?"

"ఆ రోజే. నువ్వొచ్చి అడుగుతావనుకున్నా. ఒక్క దినమన్నా రాలే."

బయట వాన జోరందుకుంది. వెనకాలే వచ్చిన గంగాధరం వసారాలో ఫోనులో అరుస్తున్నాడు, అంగట్లో అరిచినట్టే. "హలో, కమలాపురమా? నేను కర్నూలు నుంచి, బీగాల గంగాధరం. మీకు నేను తెల్దులే. మీవాడు మా ఇంటికి ఒక పేరు పెట్టినాడు. దాన్ని నిలబెడదామా, చెరిపేద్దామా అని అడుగుతాండా."

వాసవి నవ్వు ఆపుకుంటూ కిరణ్ వైపు తిరిగింది. "ఏమన్నా మాట్లాడు. అడగాలంటే మాట్లాడాల అన్నావు కదా."

కిరణ్ గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఇంకో కుర్చీ కొనాలనుంది," అన్నాడు.